కాలక్షేపం ఎవరి సొంతం: గోదావరి తీరపు శ్రవణ సంప్రదాయం నుంచి వృద్ధాశ్రమపు టీవీ దాకా

పోలవరం మండలంలోని పట్టిసీమ రేవుకు ఎదురుగా, గోదావరి నడుమ నిలిచిన దేవకూట పర్వతం మీద భద్రకాళీ సమేతుడైన వీరభద్రస్వామి ఆలయం ఉంది; భావనారాయణస్వామి ఇక్కడ క్షేత్రపాలకుడు కావడంతో, శైవులూ వైష్ణవులూ ఒకే కొండ ఎక్కి ఇద్దరు దేవుళ్లకూ మొక్కుకోవడం తరతరాలుగా వస్తున్న ఆచారం. మహాశివరాత్రికి ఇక్కడ జరిగే తీర్థానికి, అంటే తిరునాళ్లకు, రెండు గట్ల నుంచీ జనం పడవల మీద, లాంచీల మీద ఏరు దాటి చేరుకుంటారు. శివరాత్రి విధుల్లో ఉపవాసం శరీరానికి సంబంధించినదైతే జాగరణ కాలానికి సంబంధించినది. రాత్రి నాలుగు జాములూ మేలుకొని ఉండాలి, మేలుకొన్నంతసేపూ మంచి మాట వింటూ గడపాలి. అందుకే పురాణ పఠనం, హరికథ, బుర్రకథ, భజన జాగరణకు తోడుగా తెలుగునాట పెరిగాయి. వయసు మళ్లినవారి పొద్దు ఏం వింటూ, ఏం చూస్తూ గడవాలి, ఆ నిర్ణయం ఎవరిది అన్న ప్రశ్న నేడు వృద్ధాశ్రమాల్లోని టీవీ దగ్గర తలెత్తుతున్నా, దాని మూలాలను ఈ పాత శ్రవణ సంప్రదాయంలో వెతకవలసి ఉంటుంది.

ఆ సంప్రదాయానికి తెలుగువారు పెట్టుకున్న పేరు కాలక్షేపం. నేటి వాడుకలో ఈ మాట పనిలేక పొద్దు పుచ్చడం అనే అర్థానికి దిగిపోయినా, పురాణ కాలక్షేపం అన్న పాత ప్రయోగంలో అది గౌరవవాచకం. సంధ్యవేళ గుడి మండపంలోనో, ఊరి పెద్దల అరుగు మీదో ఒకరు గ్రంథం చదువుతుండగా మరొకరు అర్థం చెప్పడం, ఊరు కూర్చుని వినడం దాని స్వరూపం. ఆ సభలో ముందు వరుస వృద్ధులది. ఏ ఘట్టం మళ్లీ చెప్పాలో, ఎక్కడ కథ నిలిపి మరునాటికి దాచుకోవాలో వారి కోరికను బట్టి, వారి ఓపికను బట్టి సాగేది. హరికథను కళగా నిలబెట్టిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) కాలానికి ఒక్క కథకుడే ఆటా పాటా మాటా కలిపి రాత్రంతా సభను కూర్చోబెట్టే స్థాయికి ఈ సంప్రదాయం ఎదిగింది. కథకుడు ఎంతటి విద్వాంసుడైనా ఎదుట కూర్చున్నవారి ముఖాలు చూసి కథ నడిపేవాడు గనుక, వినేవారి ఇష్టానికి అక్కడ ఎప్పుడూ విలువ ఉండేది.

అయితే ఆ విలువ అందరికీ సమానంగా దక్కలేదన్న సత్యాన్ని దాచిపెట్టకూడదు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చేదాకా దళితులకు అనేక గుడి మండపాలు మూసి ఉండేవి. అంటే అక్కడి కాలక్షేపమూ వారికి అందేది కాదు. వితంతువులైన వృద్ధ స్త్రీలు విన్నా చాటున కూర్చుని వినవలసిందే తప్ప, ఫలానా కథ కావాలని నోరు తెరిచి అడిగే చొరవ వారికి ఉండేది కాదు. వృద్ధుల గౌరవం గురించి గతాన్ని ఆదర్శంగా చూపేవారు, ఆ గౌరవం ఏ వృద్ధులకు దక్కిందన్న లెక్కనూ చూపవలసి ఉంటుంది.

ఆశ్రయం విషయంలో గోదావరి సీమకు ఘనమైన వారసత్వమే ఉంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళాపాళా చూడకుండా, కులం అడగకుండా ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టి అన్నపూర్ణగా పేరు పొందారు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి, తన యావదాస్తినీ దానికి రాసి ఇచ్చి, వితంతువులకూ అనాథలకూ నీడ కల్పించే పనిని వ్యక్తి దాతృత్వం నుంచి సంస్థ బాధ్యతగా మార్చారు. ఈ మార్పు చాలా పెద్దది. సత్రానికి వచ్చినవాడు అతిథి. పూట గడిచాక తన దారిన తాను పోతాడు, అతని ఇష్టాయిష్టాలు ఆ పూటతో సరి. సంస్థలో చేరినవారు నివాసులు. వారి ఉదయాలూ సాయంత్రాలూ, పండుగలూ, నిద్ర పట్టని రాత్రులూ అక్కడే గడవాలి. అన్నం పెట్టడంతో అతిథి పట్ల ధర్మం తీరుతుంది గాని, నివాసి పట్ల తీరదు.

ఈలోగా కాలక్షేపం యంత్రాల్లోకి చేరింది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైన తరువాత గోదావరి జిల్లాల గ్రామాల్లో పంచాయతీ రేడియో సాయంకాలపు సభకు కేంద్రమైంది. పంచాయతీ కార్యాలయపు గదిలో పెట్టె, బయట కొయ్యకు కట్టిన లౌడ్ స్పీకరు, దాని కింద అరుగు మీదా నేల మీదా జనం. గుడిలోకి రాలేని కులాలవారి చెవికి కూడా పురాణం చేరిన తావు ఇదే. గోదావరి తీరంలోని కాకరపర్రులో పుట్టిన ఉషశ్రీ (పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, 1928–1990) 1970 దశకంలో విజయవాడ కేంద్రం నుంచి రామాయణ, భారతాలు చెబుతుంటే, ఆదివారం మధ్యాహ్నం ఆ గొంతు ఇంటింటి నుంచీ వీధిలోకి వినబడేది. శ్రోతల సందేహాలకు సమాధానాలు చెప్పే ‘ధర్మసందేహాలు’ కార్యక్రమం ఆయనకు మరింత పేరు తెచ్చింది. ఎక్కడో ఊళ్లో మంచం పట్టిన ముసలమ్మ కూడా మనవడి చేత ఉత్తరం ముక్క రాయించి ప్రశ్న అడగగలిగేది, తన ప్రశ్నకు జవాబు కోసం ఎదురుచూడగలిగేది. యంత్రం వచ్చినా వినేవారి మాట చెల్లే దారి ఒకటి మిగిలింది.

టీవీ కూడా మొదట ఉమ్మడి సొత్తుగానే తెలుగు గ్రామాలకు వచ్చింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన సైట్ ప్రయోగంలో, అంటే ఉపగ్రహం ద్వారా పల్లెలకు విద్యా కార్యక్రమాలు పంపిన పథకంలో, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు ఊరికొకటి చొప్పున టీవీ చేరింది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. 1987 జనవరిలో హిందీ రామాయణం ధారావాహిక ప్రారంభమైనప్పుడు, భాష రాకపోయినా కథ వచ్చిన తెలుగు వృద్ధులు టీవీ ఉన్న ఇంటికి వెళ్లి చూశారు. చానెల్ ఒక్కటే కావడంతో ఎంపిక గొడవ అప్పటికి లేదు. 1995లో జెమినీ, ఈటీవీ రావడంతో ఆ స్థితి మారింది. 2007లో భక్తి టీవీ, 2008లో తిరుమల తిరుపతి దేవస్థానాల శ్రీవేంకటేశ్వర భక్తి చానెల్ చేరాక, సీరియల్, వార్తలు, పాత సినిమా, ప్రవచనం ఒకే వేళకు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఏం చూడాలో నిర్ణయించడం అప్పటి నుంచి ఇంటి అధికారంలో ఒక భాగమైంది.

సరిగ్గా ఈ కాలంలోనే వృద్ధాశ్రమాలు పెరిగాయి. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాను పచ్చబరచి పిల్లలను చదివించగల స్తోమతు ఇచ్చింది. ఆ చదువే తరువాతి తరాలను హైదరాబాదుకు, అమెరికాకు తీసుకుపోయింది. ఇంటి దగ్గర మిగిలిన పెద్దల కోసం డబ్బు కట్టి చేరే ఆశ్రమాలు ఒకవైపు, దాతల ఉచిత ఆశ్రమాలు మరోవైపు వెలిశాయి. 1992లో కేంద్ర ప్రభుత్వం వృద్ధుల సమగ్ర కార్యక్రమం పేరిట స్వచ్ఛంద సంస్థల ఆశ్రమాలకు సాయం మొదలుపెట్టింది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని 19వ సెక్షను, నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక్క ఆశ్రమం, కనీసం 150 మందికి చోటుతో, దశలవారీగా ఏర్పాటు చేయవచ్చని చెబుతూ, ఆశ్రమాల నిర్వహణ పథకంలో వైద్య సేవలతో పాటు నివాసుల వినోద సాధనాలను కూడా పేర్కొంది. మందుతో సమానంగా వినోదాన్ని ఒకే వాక్యంలో చేర్చిన ఈ సెక్షను నిజానికి పాత కాలక్షేపానికి చట్టం ఇచ్చిన గుర్తింపు.

సాధనం సమకూర్చినంత మాత్రాన ఎంపిక సమకూరదు. ఆశ్రమాల్లో సాధారణంగా కనిపించే హాలును దగ్గరగా చూస్తే ఈ తేడా తెలుస్తుంది. గోడకు ఎత్తున బిగించిన టీవీ. దాని ఎదుట వరుసలుగా ప్లాస్టిక్ కుర్చీలు. రిమోట్ వార్డెన్ బల్ల సొరుగులోనో, ఆయా కొంగు ముడిలోనో. చెముడు ఉన్నవారు శబ్దం పెంచమంటారు, తలనొప్పి ఉన్నవారు తగ్గించమంటారు. శుక్లాలు ముదిరినవారికి బొమ్మ అలుక్కుపోయి మాట ఒక్కటే ఆధారమవుతుంది. ఒకరికి సాయంత్రం ప్రవచనం కావాలి, ఒకరికి సీరియల్ తరువాయి భాగం కావాలి, క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చినవారికి తమ ప్రార్థన కావాలి, ముస్లిం నివాసికి మగ్రిబ్ నమాజు వేళ కాస్త నిశ్శబ్దం కావాలి, మరొకరికి అసలు టీవీయే అక్కర్లేదు. ఈ కోరికలన్నీ న్యాయమైనవే. వాటి నడుమ పనివారి సొంత ఇష్టం చానెల్‌గా స్థిరపడినప్పుడు, ఏళ్ల తరబడి ఇల్లు నడిపిన మనిషి మౌనంగా తెర వంక చూస్తూ కూర్చుంటారు. ఆ మౌనాన్ని సర్దుకుపోవడంగా పొరబడటం ఆశ్రమాల్లో తరచూ జరిగే అన్యాయం.

ప్రపంచం ఈ అన్యాయాన్ని గుర్తించి చాలాకాలమైంది. అమెరికాలో 1987లో చేసిన నర్సింగ్ హోముల, అంటే సంరక్షణ గృహాల, సంస్కరణ చట్టం నివాసుల హక్కులను రాసిపెట్టింది. తమకు ఇష్టమైన కార్యక్రమాలను ఎంచుకునే హక్కు వాటిలో ఒకటిగా అమలవుతోంది. ఐక్యరాజ్య సమితి 1991 డిసెంబరు 16న ఆమోదించిన వృద్ధుల సూత్రాలు 18; ఏ ఆశ్రయ గృహంలో ఉన్నా వృద్ధుల గౌరవాన్ని, విశ్వాసాలను, ఏకాంతాన్ని, తమ జీవన విధానంపై తామే నిర్ణయించుకునే హక్కును మన్నించాలని వాటిలో ఒకటి చెబుతోంది. 2018 డిసెంబరులో అశ్వనీకుమార్ కేసులో సుప్రీంకోర్టు, వృద్ధులు గౌరవంగా జీవించే హక్కును రాజ్యాంగ హక్కుగా చూసి, జిల్లాలవారీగా ఆశ్రమాల వివరాలు సేకరించాలని ఆదేశించింది.

హాలులో ఈ హక్కు అమలుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. నివాసులు తామే కూర్చుని వారానికొకసారి వేళలు పంచుకోవడం, ఆ పట్టికను పెద్ద అక్షరాలతో గోడకు అంటించడం, చెముడు ఉన్నవారికి ఇయర్‌ఫోను ఇవ్వడం, మంచం దిగలేనివారికి చిన్న రేడియో అందుబాటులో పెట్టడం, టీవీ వద్దనుకునేవారికి ఒక వరండా విడిచిపెట్టడం, రిమోట్‌ను నివాసుల బల్ల మీదే ఉంచడం చాలు. అన్నిటికన్నా ముందు, చానెల్ మార్చేవారు ఎదుట ఉన్నవారిని ‘ఏం పెట్టమంటారండీ?’ అని అడగడం అలవాటు చేసుకోవాలి. పురాణం చెప్పే పౌరాణికుడు సభను అడిగినదీ ఇదే. నాడు గుడి బయట నిలబడిపోయినవారినీ, చాటున కూర్చున్న స్త్రీలనూ కూడా నేడు ఆ మాట అడగవచ్చు. కాలక్షేపం అంటే ఉన్న కాలాన్ని ఖర్చు పెట్టడం. వృద్ధుల దగ్గర మిగిలినది కొద్ది కాలమే గనుక, దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో చెప్పే అధికారం వారిదే కావాలి.