తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో నవజాత శిశు వైద్యం

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు, పుట్టగానే ప్రాణం మీదికి వచ్చిన పసికందులకు ఆసుపత్రుల్లో విడిగా నడిపే విభాగాల్లో అందించే వైద్యమే నవజాత శిశు వైద్యం. జనం నోట ఇది ‘బిడ్డను బాక్సులో పెట్టినారు’ అన్న ఒక్క మాటలో తేలిపోతుంది. వైద్యుల లెక్కలో 37 వారాలు నిండకముందు పుడితే నెలలు తక్కువ బిడ్డ, రెండున్నర కిలోలకు లోపయితే బరువు తక్కువ బిడ్డ. దక్షిణ రాయలసీమలో ఈ వైద్యం చరిత్ర చాలాకాలం దారుల చరిత్రే. బిడ్డను ఎక్కడికి తీసుకుపోవాలి, ఎంతసేపట్లో చేర్చగలం అన్నదాని మీదే అంతా నడిచింది.

ఇంటి కాన్పుల రోజుల్లో మంత్రసానికి తెలిసిన చికిత్సలు గుడ్డలో చుట్టడం, పొయ్యి సెగకు దగ్గరగా ఉంచడం, దూదితోనో ఉగ్గుగిన్నెతోనో పాలు పట్టడం. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెల బిడ్డ బతకదని పెద్దలు అనేవారు. నిజం దీనికి సరిగ్గా తలకిందులు. కడుపులో గడిచే ప్రతి వారమూ ఊపిరితిత్తులకు బలమే. ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

చిత్తూరు వాళ్లకు పెద్ద ఆసుపత్రి అంటే మొదట గుర్తొచ్చేది వేలూరే. అమెరికన్ వైద్యురాలు ఐడా స్కడర్ 1900లో అక్కడ మొదలుపెట్టిన చిన్న వైద్యశాల తరవాత క్రిస్టియన్ మెడికల్ కాలేజీగా ఎదిగింది. అప్పట్లో వేలూరు, చిత్తూరు రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లావే, పైగా జిల్లా కేంద్రం చిత్తూరే. 1911లో చిత్తూరు వేరే జిల్లా అయింది, 1953లో రాష్ట్రమే మారింది. రోగుల దారి మాత్రం మారలేదు. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని సరిహద్దు దాటే కుటుంబాలు ఇవాళా ఉన్నాయి.

ఈ వైపున ఆధారం దొరికింది తిరుపతిలో. 1960లో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల మొదలైంది. దానికి అనుబంధంగా రుయా ఆసుపత్రి, ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి నిలబడ్డాయి. చిత్తూరుతో పాటు కడప, నెల్లూరు వైపు నుంచి కూడా కష్టమైన కాన్పులు ఇక్కడికే వచ్చేవి. అప్పటికి ప్రపంచంలోనే ఈ విద్య పసిది. పారిస్‌లో టార్నియే 1880లోనే వెచ్చని పెట్టెలు వాడాడు, కానీ ఊపిరి అందని బిడ్డకు చేయగలిగింది తక్కువ. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు అయిదున్నర వారాలు ముందుగా, రెండు కిలోలకు కాస్త పైబడిన బరువుతో పుట్టి రెండు రోజులు కూడా బతకలేదు. అధ్యక్షుడి బిడ్డకే చికిత్స దొరకని కాలమది. ఆ బరువు బిడ్డలు ఇవాళ జిల్లా ఆసుపత్రి విభాగాల్లో కోలుకుని ఇంటికి పోవడం మామూలే.

ఈ తేడా తెచ్చినవి కొన్నే. ఊపిరితిత్తుల గాలితిత్తులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫ్యాక్టెంట్ లేకపోవడమే ఊపిరి అందని ఈ జబ్బుకు మూలమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ చూపింది. 1971లో వైద్యుడు గ్రెగరీ బృందం ఊపిరితిత్తుల్లో గాలి ఒత్తిడిని నిలిపి ఉంచే సీప్యాప్ పద్ధతిని వెల్లడించింది. నెలలు నిండకముందే కాన్పు వచ్చేలా ఉంటే తల్లికి స్టెరాయిడ్ సూది వేస్తే బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడతాయని 1972లో న్యూజిలాండ్ వైద్యులు లిగిన్స్, హౌవీ తేల్చారు. అన్నిటిలోకీ చవకైనది ఆ సూదే, అదీ వేళకు పడితేనే.

ప్రభుత్వ రంగంలో అసలు మలుపు 2003లో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లా ఆసుపత్రిలో వచ్చింది. అక్కడి ప్రత్యేక నవజాత శిశు విభాగాన్ని (ఎస్‌ఎన్‌సీయూ) నమూనాగా తీసుకుని, 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద దేశమంతటా ఎస్‌ఎన్‌సీయూలు పెట్టారు. తిరుపతి ప్రసూతి ఆసుపత్రికి, చిత్తూరు జిల్లా ఆసుపత్రికి ఇవి అలా వచ్చినవే. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రుల్లో పసిబిడ్డ మందులు, పరీక్షలు, రానుపోను వాహనం ఉచితం చేసింది. అంతకుముందు బిల్లుకు భయపడి బిడ్డను మధ్యలోనే ఇంటికి తీసుకుపోయేవాళ్లు ఉండేవారు.

విభాగం లోపల కనిపించేది బాక్సుల కన్నా ఎక్కువగా పైన మూత లేని వార్మర్లే. బిడ్డ పొట్ట మీద అంటించిన చిన్న బిళ్ల ఒంటి వేడిని చెబుతుంటే, పైనున్న హీటరు దానికి తగ్గట్టు పనిచేస్తుంది. పక్కన బబుల్ సీప్యాప్. ముక్కుకు పెట్టిన గొట్టం రెండో కొస నీళ్ల సీసాలో అయిదారు సెంటీమీటర్ల లోతున మునిగి ఉంటుంది. బుడగలు వస్తున్నంతసేపూ బిడ్డ ఊపిరితిత్తుల్లో ఒత్తిడి నిలిచినట్టే, ఆగితే సిస్టరు పరుగెత్తాలి. కామెర్ల బిడ్డలు కళ్లకు గంతలతో నీలి వెలుగు కింద ఉంటారు. 34 వారాలలోపు బిడ్డకు చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఒకదానితో ఒకటి కుదరవు. అందుకే మొదట గొట్టం ద్వారా తల్లిపాలు, తరవాత మళ్లీ మన ఉగ్గుగిన్నే. ఈ విభాగాల మంచీ చెడూ యంత్రాల సంఖ్యతో కొలవడం పొరపాటు. రాత్రి రెండింటికి ఒక్కో సిస్టరు ఎంతమంది బిడ్డలను చూసుకుంటోంది అన్నదే లెక్క.

కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక 1978లో ఎడ్గర్ రే బిడ్డలను తల్లుల రొమ్ముకు ఆనించి ఉంచడం మొదలుపెట్టాడు. అదే కంగారూ సంరక్షణ. బిడ్డ నిలదొక్కుకునేదాకా ఆగకుండా పుట్టినప్పటి నుంచే మొదలుపెట్టడం మేలని, రోజుకు 8 నుంచి 24 గంటలు అలా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. తల్లిని గేటు బయట కూర్చోబెట్టే పాత పద్ధతికి ఇది ఎదురు.

దారి సమస్య కొంత 108 అంబులెన్సులతో తీరింది. 2005లో మొదలైన ఈ సేవలో 2020 జులైలో రాష్ట్రం కొత్తగా దింపిన వాహనాల్లో 26 పసిబిడ్డల కోసమే కేటాయించినవి, అప్పటి 13 జిల్లాలకు రెండేసి చొప్పున. అయినా అన్నిటికన్నా మంచి ఇంక్యుబేటరు తల్లి కడుపే. కాన్పు అయ్యాక బిడ్డను తరలించడం కన్నా, కష్టమని తెలిసిన తల్లిని ముందే తిరుపతికి చేర్చడం మేలు.

పుట్టుకతో గుండెలో లోపమున్న పసికందులు చాలాకాలం చెన్నైకో బెంగళూరుకో పోవాల్సి వచ్చేది. 2021 అక్టోబరు 11న తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం తరఫున శ్రీ పద్మావతి చిన్న పిల్లల హృదయాలయం మొదలయ్యాక ఆ ప్రయాణాలు తగ్గాయి. 2022 మే నెలలో శ్రీ పద్మావతి చిన్న పిల్లల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి కూడా శంకుస్థాపన జరిగింది. మరీ చిన్న బిడ్డల విషయంలో ప్రాణం దక్కడంతో పని ముగియదు. ఆక్సిజన్ ఎక్కువైతే కంటి వెనక పొర దెబ్బతినవచ్చు కాబట్టి నెల రోజుల వయసులోపే కంటి పరీక్ష చేయించాలి. ఆ పరీక్షకు డిశ్చార్జి అయి ఊరు చేరిన తల్లిని మళ్లీ రప్పించడమే విభాగాలకు పెద్ద పని.