ఎల్లిస్ వాదన

ఎల్లిస్ వాదన అనునది ఆస్ట్రేలియా న్యాయస్థానాలలో రోమన్ కాథలిక్ చర్చికి కొంతకాలం రక్షణగా నిలిచిన ఒక న్యాయవాదన. ఫాదరీల లైంగిక అత్యాచారాలకు బాల్యంలో గురైనవారు చర్చి ఆస్తి నుండి నష్టపరిహారం కోరినపుడు, ఆ దావాకు ప్రతివాదిగా నిలువదగిన చట్టబద్ధమైన వ్యక్తి గాని సంస్థ గాని లేదనుట దీని సారాంశం. 2007లో న్యూ సౌత్ వేల్స్ అప్పీలు న్యాయస్థానం ఇచ్చిన తీర్పుతో ఇది స్థిరపడినది.

ఆస్తి ఎవరి పేరిట?

చట్టం దృష్టిలో కాథలిక్ మేత్రాసనం, అనగా ఒక బిషప్ పాలనలోని ప్రాంతం, కంపెనీ కాదు. అది కేవలం విశ్వాసుల సమూహం. అందువలన 1936లో న్యూ సౌత్ వేల్స్ శాసనసభ ఒక చట్టం చేసి, చర్చి భూములు, భవనాలు ధర్మకర్తల మండలుల పేరిట ఉండునట్లు ఏర్పాటు చేసినది. బిషప్ మరణించినా, మారినా ఆస్తి పత్రాలు తిరిగి వ్రాయనక్కరలేదు. అయితే ఫాదరీలను నియమించునది, బదిలీ చేయునది బిషప్. మండలికి ఆ పని లేదు. ఆస్తి ఒకచోట, అధికారం మరొకచోట ఉన్నవన్నమాట. భారతదేశంలో ఆలయంలోని దేవతామూర్తినే న్యాయస్థానాలు చట్టబద్ధ వ్యక్తిగా గుర్తించినవి గనుక దేవుడు దావా వేయవచ్చు, దేవునిపై దావా వేయనూవచ్చు. సిడ్నీలో అట్టి మార్గం లేకపోయినది.

వ్యాజ్యం

జాన్ ఎల్లిస్ బాల్యంలో సిడ్నీ శివారు బాస్ హిల్ చర్చిలో పూజా సమయాన ఫాదరీకి సహాయకుడుగా ఉండెడివాడు. 1974 నుండి కొన్ని సంవత్సరాలపాటు అచ్చటి ఫాదరీ ఒకరు అతనిపై అత్యాచారం జరిపెను. పెద్దవాడై న్యాయవాది అయిన ఎల్లిస్ 2002లో చర్చి వారికే ఫిర్యాదు చేసెను. చర్చి నియమించిన విచారణకర్త ఫిర్యాదు నిజమై ఉండుటకే అవకాశమెక్కువని తేల్చెను. చర్చి మొదట 25,000 డాలర్లు, పిదప 30,000 డాలర్లు ఇవ్వజూపినది.

ఒప్పందం కుదరక వ్యవహారం న్యాయస్థానానికి చేరినది. అచ్చట చర్చి న్యాయవాదులు అత్యాచారం జరిగినదన్న విషయాన్నే వివాదాస్పదం చేసిరి. ధర్మకర్తల మండలికి ఫాదరీపై అధికారం లేదు, ఆర్చిబిషప్ జార్జ్ పెల్ 2001లోనే సిడ్నీ పదవికి వచ్చినందున పూర్వపు విషయాలకు బాధ్యుడు కాడు అని అప్పీలు న్యాయస్థానం 2007 మే నెలలో తీర్పు చెప్పినది. అదే సంవత్సరం హైకోర్టు (ఆస్ట్రేలియాలో ఇదే అత్యున్నత న్యాయస్థానం) తదుపరి అప్పీలుకు అనుమతి నిరాకరించినది. ఈ వ్యాజ్యంపై చర్చి పెట్టిన ఖర్చు పది లక్షల డాలర్లకు మించినది. ఎల్లిస్‌కు ఇవ్వజూపిన మొత్తానికి ఇది ముప్పది రెట్లకు పైమాట.

రాయల్ కమిషన్

2013లో నియమితమైన రాయల్ కమిషన్ ఈ ఉదంతాన్ని 2014లో బహిరంగంగా విచారించినది. ఇతర బాధితులను వ్యాజ్యాలకు దిగకుండ నిరుత్సాహపరచుట కూడ ఇంత గట్టిగా పోరాడుటకు ఒక కారణమని కమిషన్ నిర్ధారించినది. క్రైస్తవ దృష్టితో చూచిన తమ ప్రవర్తన న్యాయంగా లేదని పెల్ అంగీకరించెను. 1980 నుండి 2015 వరకు మూడువేలకు పైగా ఫిర్యాదులపై చర్చి చెల్లించినది సుమారు 27 కోట్ల డాలర్లని కమిషన్ లెక్కలు తెలుపుచున్నవి.

చట్టాల మార్పు

విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాలు 2018లో చేసిన చట్టాల ప్రకారం చర్చి తన తరఫున ప్రతివాదిని చూపవలెను. చూపనిచో ధర్మకర్తల ఆస్తి నుండియే పరిహారం రాబట్టవచ్చును. 2018 జూలై 1న మొదలైన జాతీయ పరిహార పథకంలో గరిష్ఠ మొత్తం 1,50,000 డాలర్లు. కమిషన్ సూచించినది 2,00,000.

ప్రతివాది దొరికినంత మాత్రాన బాధ్యత రుజువు కాదు. బల్లారట్ మేత్రాసనానికి చెందిన మరొక వ్యాజ్యంలో క్రింది న్యాయస్థానం పరిహారం మంజూరు చేసినది. 2024 నవంబరులో హైకోర్టు దానిని త్రోసిపుచ్చినది. సేవకుని తప్పునకు యజమాని జవాబు చెప్పవలెనన్న సూత్రం ఉద్యోగులకే వర్తించునని, ఫాదరీ బిషప్‌కు ఉద్యోగి కాడని ఆ తీర్పు.