ఆసుపత్రుల్లో కంప్యూటర్: సిబ్బంది ఎప్పుడు వాడతారు? ఎప్పుడు వాడరు?

గవర్నెన్స్ టాపిక్‌లో హెచ్‌ఎంఐఎస్ అనగానే మనం "2008లో కేంద్రం పోర్టల్ ప్రారంభించింది" అని రాసి, నాలుగు లాభాలు చేర్చి వదిలేస్తాం. నేనూ అంతే. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి కదా, సాఫ్ట్‌వేర్ బాగుంటే అందరూ వాడతారనే అనుకున్నాను.

రాయ్‌పూర్ దగ్గర మందిర్ హసౌద్‌లో ఉంటూ ప్రిపేర్ అవుతున్నప్పుడు అమ్మను ఒక ఆసుపత్రికి తీసుకెళ్లాను. నర్సు బీపీ చూసి ముందు రిజిస్టర్‌లో రాశారు, తర్వాత అదే కంప్యూటర్‌లో ఎక్కించారు. వెనక క్యూ పెరుగుతోంది. రెండుసార్లు ఎందుకని అడిగితే, "రిజిస్టర్ మాకు, కంప్యూటర్ పైవాళ్లకు" అని హిందీలో అన్నారు. మన చాప్టర్ మొత్తం ఆ మాటలోనే ఉంది.

సమస్య పాతదే

1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక కాంగ్రెస్ ముందుకు ఫ్లోరెన్స్ నైటింగేల్ ఒక ప్రతిపాదన తెచ్చారు: ఆసుపత్రులన్నీ ఒకే నమూనా పట్టికలు నింపాలి. కొన్ని లండన్ ఆసుపత్రులు వాడి చూశాయి కానీ ఆ పద్ధతి నిలవలేదు. 2003లో లాస్ ఏంజెలిస్‌లోని సెడార్స్-సైనాయ్ ఆసుపత్రి, మందుల ఆర్డర్లకు పెట్టిన కొత్త కంప్యూటర్ వ్యవస్థను డాక్టర్ల వ్యతిరేకతతో ఆపేయాల్సి వచ్చింది. చేత్తో చకచకా రాసే ఆర్డర్‌కు స్క్రీన్ మీద ఎక్కువ సమయం పట్టడం వాళ్ల ప్రధాన ఫిర్యాదు.

1989లో ఫ్రెడ్ డేవిస్ చెప్పిన టెక్నాలజీ యాక్సెప్టెన్స్ మోడల్ దీన్ని రెండు ప్రశ్నలుగా చూస్తుంది. ఇది నా పనికి ఉపయోగమా? వాడటం సులువా?

మన అనుభవం

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. ఆపరేషన్‌కు ముందస్తు అనుమతి, తర్వాత క్లెయిమ్, రెండూ ఆన్‌లైన్‌లోనే. ఎంట్రీ లేకపోతే ఆసుపత్రికి డబ్బు రాదు. రోగికి దారి చూపడానికి ఆరోగ్యమిత్రలను పెట్టారు. అందుకే ఇక్కడ వాడకం మీద వాదనే లేదు. అయితే ఒక హద్దు గమనించండి: క్లెయిమ్‌కు అక్కర్లేని వివరాలు కూడా అంతే శ్రద్ధగా నిండుతాయని ఈ పద్ధతి హామీ ఇవ్వదు.

2016లో ఏఎన్ఎంల కోసం వచ్చిన 'అన్మోల్' ట్యాబ్ యాప్‌ను మొదట ఆంధ్రప్రదేశ్ అమలు చేసింది. నెట్ లేని ఊళ్లోనూ ఎంట్రీ చేసి, సిగ్నల్ వచ్చాక పంపొచ్చు. ఏ గర్భిణికి పరీక్ష, ఏ బిడ్డకు టీకా బాకీ ఉందో అదే చూపిస్తుంది. అంటే సమాచారం నింపిన మనిషికే తిరిగి పనికొస్తుంది. కానీ పాత రిజిస్టర్లు కూడా కొనసాగితే ట్యాబ్ అదనపు భారమే. అలసిన చేయి అంకెను అంచనాగా వేస్తుంది, ఆ అంకె మీదే జిల్లాకు టీకాలు, మందుల లెక్క కడతారు.

ఆన్సర్‌లో ఇలా ముగించండి

ఆదేశంతో కంప్యూటర్ ఆసుపత్రికి వస్తుంది. ఎంట్రీ చేసే వ్యక్తికి ఒక పని తగ్గితేనే వాడకం నిలుస్తుంది. కాబట్టి కొత్త స్క్రీన్ పెట్టిన రోజే ఏ రిజిస్టర్ తీసేస్తున్నామో కూడా చెప్పాలి.

ప్రాక్టీస్ ప్రశ్న: "ఆరోగ్య రంగంలో డిజిటల్ వ్యవస్థల విజయం సాంకేతికత కన్నా సిబ్బంది ఆమోదంపైనే ఆధారపడుతుంది." చర్చించండి. (150 పదాలు)

రాసి చూసుకోండి. మీ ఆన్సర్‌లో ఆ నర్సు కనిపించాలి.