ఏ రాయైతేనేం?

పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్నారు పెద్దలు. ఆ మాటన్న వారెవరో గాని, నల్లగొండ జిల్లా వారు మాత్రం అయివుండరు. మా అమ్మ పుట్టిన మునుగోడు వైపు ఆ రాయి ఏదో అందరికీ తెలుసు. గ్రానైటు! పైన గుట్టలుగా కనిపిస్తుంది. నేల కింద నీళ్ళు దాన్నే ఏళ్ళ తరబడి ఒరుసుకుని ఫ్లోరైడును బావుల్లోకి మోసుకొస్తాయి.

ఇప్పుడీ గొడవెందుకంటారా? మొన్న సంక్రాంతికి అమ్మ సకినం కొరకలేక పక్కన పెట్టేసింది. చూపిస్తే, మిగిలిన నాలుగు పళ్ళూ తీసెయ్యాల్సిందే అన్నారు. తరువాత ఏమిటి? కట్టుడు పళ్ళా, దవడ ఎముకలో మరలు బిగించి కట్టే ఇంప్లాంట్లా? తమ్ముడు ఇంప్లాంట్లే అన్నాడు. మహబూబ్‌నగర్ నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసి, "అరవై ఎనిమిదేండ్ల మనిషికి గిప్పుడు బొక్కల మరలెందుకే?" అంది. నేను ఆర్ట్సు చదివినదాన్ని. సందేహమొస్తే చరిత్ర పుస్తకం తిరగెయ్యడమే నాకు తెలిసిన వైద్యం.

జార్జి వాషింగ్టన్ 1789లో అమెరికా అధ్యక్షుడయ్యేనాటికి ఆయన నోట్లో సొంత పన్ను ఒక్కటే! కట్టుడు పళ్ళు చెక్కవని చెప్పుకుంటారు గాని, అది కట్టుకథ. దంతం, ఇతరుల పళ్ళు, లోహపు స్ప్రింగులు కలిపి చేసినవవి. పాపం, నోరు మూసుకోవడమే ఒక పని. పంతొమ్మిదో శతాబ్దం నడుమ గట్టిపరచిన రబ్బరు వచ్చాకే కట్టుడు పళ్ళు మామూలు మనుషులకు అందాయి. 1930లలో ఆ రబ్బరు స్థానంలోకి ఆక్రిలిక్ వచ్చింది.

ఇంప్లాంట్ల కథ ఇంకా తమాషా. 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త ఎముకలో రక్తం ఎలా పారుతుందో చూద్దామని కుందేలు కాలులో టైటానియం గొట్టం అమర్చాడు. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దాన్ని తనదనుకుని పట్టేసుకుంది! 1965లో మొదటిసారి మనిషి దవడలో అదే లోహం నాటాడు.

అయినా మా అమ్మ పళ్ళ చరిత్ర స్వీడన్‌లో లేదు. పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలెందుకు వస్తున్నాయో అమెరికాలోని కొలరాడోలో ఒక దంతవైద్యుడు 1901 నుంచీ వెతికితే, నీటిలోని ఫ్లోరైడే కారణమని 1931లో తేలింది. మన దేశంలో 1937లో నెల్లూరు ప్రాంతంలో ఈ జబ్బును గుర్తించారు. 1955లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసమే వచ్చింది. 1970లలో నాగపూర్ నీరి సంస్థ వారు పటిక, సున్నం వేసి ఫ్లోరైడును అడుక్కి దించే పద్ధతి తయారుచేసి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఊరికి పేరొచ్చింది. నీళ్ళు మాత్రం చాలాకాలం రాలేదు. మిషన్ భగీరథ తొలిదశ మొదలైంది 2016లో.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. మచ్చ పడేది పన్ను చిగురు లోపల తయారయ్యే పసితనంలోనే. అందుకే బయటి నుంచి కాపురానికొచ్చిన కోడలి పళ్ళు తెల్లగానే ఉంటాయి, ఆమె బిడ్డవి మచ్చలు పడతాయి. అమ్మ అటునుంచి ఇటు, మహబూబ్‌నగర్‌కు కోడలిగా వచ్చింది. నా పళ్ళు తెల్లనివి. అమ్మవి పుట్టింటివి. పెళ్ళి ఫోటోలో కూడా పెదవులు బిగించే ఉంది. నవ్వొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అది సిగ్గనుకున్నాను నేను, చాలా ఏళ్ళు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. పూర్తి కట్టుడు సెట్టుకు కోత లేదు, ఖర్చు తక్కువ. కానీ పళ్ళు లేని దవడ ఎముక ఏటేటా కరుగుతుంది, కింది సెట్టు వదులై కదులుతుంది. అన్నీ ఇంప్లాంట్ల మీద కడితే గట్టిగా ఉంటాయి, కానీ ఖర్చూ, నెలల తరబడి ఓపికా కావాలి. నడిమి దారీ ఉంది. కింది దవడలో రెండే ఇంప్లాంట్లు వేసి, వాటి మీద తీసి పెట్టుకునే సెట్టు బిగించడం. పళ్ళన్నీ పోయిన కింది దవడకు మొదట చూడవలసింది ఇదేనని 2002లోనే మాంట్రియల్‌లో నిపుణులు కూడి చెప్పారట. అమ్మకు షుగరు అదుపులో ఉంది, ఎముకా సరిపోతుంది.

"తీసి కడుక్కోవచ్చునా?" అనడిగింది అమ్మ. రావచ్చు, కడగాలి కూడా అన్నారు. "అయితే గదే. నా నోట్లెది నా చేతిల ఉండాలె," అని తేల్చేసింది. ఇన్నాళ్ళ మా మీమాంస అర నిమిషంలో తెగిపోయింది.

రంగు ఎంచుకునేటప్పుడు మాత్రం గొడవైంది. వరుసగా పేర్చిన నమూనాల్లో అందరం మల్లెపూవు లాంటి తెలుపే చూపించాం. అమ్మ కాస్త పసుపు తిరిగిన పన్ను మీద వేలు పెట్టింది.

"గంత తెల్లగ వద్దు బిడ్డా. మా ఊర్లె ఎవలికీ గట్ల లేవు."

పళ్ళు వచ్చి రెండు నెలలైంది. నవ్వొస్తే చెయ్యి ఇంకా కొంగు కోసం వెళుతూనే ఉంది. ఈసారి సంక్రాంతికి మాత్రం సకినాలు మెత్తగా చెయ్యొద్దని ఇప్పటినుంచే చెబుతోంది.