భోర్ ఘాట్ రైలుమార్గం – కట్టినవారిని తలచుకుందాం

హైదరాబాదు నుంచి ముంబయి వెళ్లిన మన సభ్యులలో చాలామంది లోణావళా దాటాక కర్జత్ వరకు బండి కొండ దిగడం చూసే ఉంటారు. లోయలు, జలపాతాలు చూసి ఆనందించి ఉంటారు. ఆ దారి ఎలా పుట్టిందో తెలిసినవారు తక్కువ. ఇటీవల ఖండాలా పరిసరాలు చూసి వచ్చిన సందర్భంగా నాలుగు మాటలు మనవి చేస్తాను.

1853లో బొంబాయి, ఠాణాల మధ్య మన దేశపు తొలి ప్రయాణికుల రైలు నడిచింది. దక్కన్‌కు రావాలంటే సహ్యాద్రి అడ్డుగోడ. జి.ఐ.పి. రైల్వే చీఫ్ ఇంజనీరు జేమ్స్ బర్క్‌లీ పథకం ప్రకారం 1856లో పని మొదలై, 1863లో దారి తెరిచారు. సుమారు 25 కిలోమీటర్ల దూరంలో 1831 అడుగుల ఎత్తు ఎక్కాలి. 25 సొరంగాలు తొలిచారు, 8 పెద్ద వంతెనలు కట్టారు. కొన్నిచోట్ల 37 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలు.

ఖండాలా దగ్గర బండి మలుపు తిరగడానికి చోటు లేక ‘రివర్సింగ్ స్టేషన్’ పెట్టారు. బండి కొండ అంచున ఆగేది. ఇంజను విప్పి రెండో కొసకు తగిలిస్తే, వెనుకభాగం ముందై పైకి సాగేది. 1929లో కొత్త దారి వేసి దీన్ని మానేశారు.

ఇక కట్టినవారి సంగతి. 1861 నాటికి 42 వేలమంది పనిచేశారు. నిలువు కొండల మీద తాళ్లతో వేలాడుతూ రాతిలో మందుగుండు కోసం రంధ్రాలు తొలిచారు. కలరా, జ్వరాలు ఎందరినో పొట్టన పెట్టుకున్నాయి. 1859లో జీతం బకాయిల కోసం కూలీలు తిరగబడ్డారు. కాంట్రాక్టరు ఫావియెల్ పని వదులుకున్నాడు. తరువాత వచ్చిన సాల్మన్ ట్రెడ్‌వెల్ కొద్దిరోజులకే జబ్బుచేసి చనిపోగా, ఆయన భార్య ఆలిస్ ఆ కాంట్రాక్టు బాధ్యత తీసుకుని ఇంజనీర్ల సాయంతో పూర్తి చేయించింది.

వీరి పేర్లు చరిత్రలో ఉన్నాయి. ఉండవలసిందే. కాని ఆ 42 వేలమందిలో ఒక్కరి పేరైనా మనం చెప్పలేం. సర్వీసు రిజిస్టరు, పింఛను, కుటుంబ పింఛను ఉన్న మనకు ఆ లోటు ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

1871లో ఈ లైనే రాయచూరు వద్ద మద్రాసు రైల్వేతో కలిసి మన ప్రాంతాలను బొంబాయికి చేర్చింది. పనికోసం వలసవెళ్లిన పాలమూరు కూలీలకు, నేతపనివారికి బొంబాయి దారి ఇదే అయింది.

తిరుగు ప్రయాణంలో కర్జత్ వద్ద బండిని నెట్టడానికి వెనుక ‘బ్యాంకర్’ ఇంజన్లు తగిలిస్తారు. వీలైతే పగటి బండిలో వెళ్లండి. మనుమలకు సొరంగాలు లెక్కపెట్టడం సరదా. వాటిని తొలిచిన చేతుల సంగతి కూడా చెప్పండి.