పొదుగు కణంలో దాగిన స్టాఫిలోకాకస్

పొదుగువాపు సోకిన ఆవు పాలను ల్యాబుకు పంపితే స్టాఫిలోకాకస్ ఆరియస్ ఉందని, ఫలానా యాంటీబయాటిక్‌కు లొంగుతుందని రిపోర్టు వస్తుంది. ఆ మందే చన్ను రంధ్రం గుండా ఎక్కిస్తారు. పాలు మామూలవుతాయి. కొన్నాళ్లకు అదే చన్నులోంచి మళ్లీ గడ్డలు పడతాయి. వెంటనే క్రిమి మందుకు మొండికేసిందనేస్తాం. ఇందులో తొందరపాటు ఉంది. మందుకు క్రిమి లొంగుతుందో లేదో చూసే డిస్క్ పరీక్ష జరిగేది అగర్ మీద. అక్కడ క్రిమి దాక్కోవడానికి పశువు కణాలేవీ ఉండవు.

ఈ క్రిమి పైపొర మీద ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకునే ప్రోటీన్లున్నాయి. ఫైబ్రోనెక్టిన్ పశువు ఒంట్లోదే. దానికి ఒకవైపు క్రిమి అంటుకుంటే, మరోవైపు పొదుగులోని ఉపకళా కణం మీది ఆల్ఫా5బీటా1 ఇంటిగ్రిన్ అంటుకుంటుంది. ఆ స్పర్శతో కణం తన ఆక్టిన్ పోగులను సర్దుకుని క్రిమిని తానే లోపలికి లాక్కుంటుంది. సూక్ష్మజీవులను మింగడం ఈ కణాల పని కాదు. అది న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల పని. లోపలికి చేరిన క్రిమిని చాలా యాంటీబయాటిక్‌లు సరిగా అందుకోలేవు. ప్రతిరక్షకాలదీ అదే తీరు. అసలు బయట ఉన్నప్పుడే క్రిమి పైపొర మీది ప్రోటీన్-ఎ ఆ ప్రతిరక్షకాలను తోకవైపు పట్టి తలకిందులు చేస్తుంది.

లోపల రెండు దారులు. క్రిమి వదిలే ఆల్ఫా విషం ఏడేసి అణువులుగా కూడి పొరకు రంధ్రం చేస్తే కణం చస్తుంది, క్రిమి బయటపడుతుంది. రెండోది మరింత చిక్కు. శ్వాసక్రియ గొలుసు దెబ్బతిన్న రకాలు నెమ్మదిగా పెరుగుతూ, విషం తక్కువ వదులుతూ, కణాన్ని చంపకుండా అందులోనే బతుకుతాయి. వీటి పొర విద్యుత్తు తగ్గిపోవడంతో జెంటమైసిన్ వంటి మందులు లోపలికి ఎక్కవు. అగర్ మీద ఇవి సూదిమొనంత చుక్కలే. మర్నాడే ప్లేటు చూసి పడేసేవారి కంట పడవు.

ఏ జంతువులో ఏ విషం పనిచేస్తుందన్నది మరో లెక్క. పశువుల నుంచి తీసిన రకాల్లో కనిపించే లూక్-ఎంఎఫ్ ప్రైమ్ అనే విషం, ఆవు న్యూట్రోఫిల్‌పై సీసీఆర్1 గ్రాహకాన్ని పట్టి దాన్ని చంపుతుంది. మనుషుల్లో పేరుమోసిన పాంటన్-వాలెంటైన్ ల్యూకోసిడిన్‌కు కావలసింది సీ5ఏ గ్రాహకం. మనిషిదైతే, కుందేలుదైతే సరిపోతుంది. ఎలుక న్యూట్రోఫిల్‌ను మాత్రం అది దాదాపు ఏమీ చేయలేదు. అందుకే ఒక్క ఎలుక ప్రయోగంతో పొదుగు గురించి తీర్పు చెప్పేవారిని నేను నమ్మను. జాతి మారడానికి పెద్ద మార్పే కావాలనీ లేదు: మనిషికి సోకే రకం కుందేలుకు సోకేందుకు డీఎల్‌టీబీ జన్యువులో ఒక్క అక్షరం మారితే చాలునని 2015లో తేలింది.

ఇక పొదుగువాపును పసిగట్టే కాలిఫోర్నియా మాస్టైటిస్ పరీక్షలో నాలుగు గుంటల పళ్లెంలో నాలుగు చన్నుల పాలూ పిండి, ద్రావణం కలిపి తిప్పుతారు. జబ్బు చన్ను పాలు జిగురుగా సాగుతాయి. తెల్ల రక్తకణాలు పగిలి డీఎన్ఏ బయటపడటమే కారణం. అంటే ఇది క్రిమిని కాదు, దాని మీదికొచ్చిన కణాలను చూపుతుంది. పైగా ఈ క్రిమి పాలలోకి రోజూ ఒకేలా దిగదు. ఒక్క నమూనాలో దొరకనంత మాత్రాన లేదనుకోకూడదు. పాలను గడ్డకట్టించి, కరిగించి కల్చర్ చేస్తే ఎక్కువ నమూనాల్లో పట్టుబడుతుందని కొన్ని పరిశోధనలు చూపాయి. గడ్డకట్టినప్పుడు పాలలోని కణాలు పగిలి, వాటిలో దాగిన క్రిమి బయటపడటమే కారణం కావచ్చు.