నైజీరియా చట్టంలో మన దేశం పేరు

నైజీరియా గంజాయి చట్టం పేరు ‘ఇండియన్ హెంప్ యాక్ట్’. ఎక్కడి నైజీరియా, ఎక్కడి ఇండియా? ఈ పేరు వెనక పెద్ద కథే ఉంది.

1785లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త లామార్క్ మన గంజాయి మొక్కకు ‘కన్నాబిస్ ఇండికా’ అని పేరు పెట్టాడు. 1893-94లో బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో దాని వాడకంపై విచారణకు ఒక కమిషన్ వేసింది. అది 1,193 మంది సాక్షులను విచారించి, మితంగా వాడితే పెద్ద కీడు లేదని, పూర్తి నిషేధం వద్దని తేల్చింది. అయినా 1925లో ఈజిప్టు పట్టుబట్టడంతో జెనీవా మత్తుమందుల ఒప్పందంలోకి ‘ఇండియన్ హెంప్’ ఎక్కింది. నైజీరియా సహా బ్రిటిష్ వలస రాజ్యాలకూ ఆ పేరే పాకింది.

మొక్క నైజీరియాలో వేళ్లూనింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. ఇండియా మీదుగా బర్మా వెళ్లి పోరాడిన పశ్చిమ ఆఫ్రికా సైనికులే విత్తనాలు తెచ్చారని చాలామంది చెబుతారు. ఒండో, ఎడో, ఒసున్ ప్రాంతాల అడవుల్లో సాగు పెరిగింది. అక్కడి యొరుబా భాషలో దాని వాడుక పేరు ‘ఇగ్బో’, అంటే అడవి. అక్కడి ప్రధాన పంట కోకో. ఆ చెట్టు కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు ఆగాలి. గంజాయి కొన్ని నెలల్లోనే చేతికొస్తుంది. అప్పు తీర్చాల్సిన రైతుకు ఆ తేడా చిన్నది కాదు.

1966 జనవరిలో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. పార్లమెంటు లేదు, చర్చ లేదు. ఆ ఏడాదే ఈ ‘ఇండియన్ హెంప్’ చట్టం డిక్రీగా వచ్చింది: గంజాయి పండిస్తే మరణశిక్ష, లేదా కనీసం 21 ఏళ్ల జైలు. తాగితే కనీసం పదేళ్లు. 1975లో మరణశిక్ష తీసేశారు. 1989లో మరో సైనిక ప్రభుత్వం మాదకద్రవ్యాల నిరోధక సంస్థను నెలకొల్పుతూ సాగుకు యావజ్జీవం విధించింది.

ఇంత చేసినా 2018 జాతీయ సర్వే ప్రకారం అంతకుముందు ఏడాది కాలంలో గంజాయి వాడినవారు సుమారు 1.06 కోట్లు. 2019లో ఒండో గవర్నర్ అకెరెడొలు, నిరోధక సంస్థ అధిపతితో కలిసి ఔషధ గంజాయి సాగు చూడడానికి థాయ్‌లాండ్ వెళ్లాడు. శిక్షలతో పని జరగలేదని పాలకులకూ తెలిసొచ్చిందనడానికి ఆ ప్రయాణమే గుర్తు.

నాటి కమిషన్ తీర్పుతో ఏకీభవించకపోవచ్చు. కానీ అది ముందు జనాన్ని అడిగింది. నైజీరియా మన మొక్క పేరును చట్టంలో రాసుకుంది గాని, ఆ అడగడాన్ని మాత్రం ఎవరూ అక్కడికి చేరవేయలేదు. కోకో తోటల మధ్య గంజాయి ఎందుకు వేస్తున్నావని రైతును అడిగే రోజు ఇకనైనా రావాలి.